ఎందుచేత? — వెనక్కు నడవని బండి

పిల్లలూ! ఖమ్మం జిల్లాలో బోనకల్ చుట్టుపట్ల పత్తి, మిరప పండుతాయి. పంట చేతికి వచ్చిందంటే ట్రాక్టర్లు ట్రాలీలను లాక్కుంటూ ఖమ్మం మార్కెట్టుకు బయలుదేరుతాయి. పూర్వం ఈ పని ఎడ్లబండ్లు చేసేవి. ఈ నెల మనం తెలుసుకోబోయే బ్రేకు అమెరికావంటి దేశాలలో పడవలను మోసే బండ్లకు ఉంటుంది. కాని దాని కిటుకు మన ఎడ్లబండిలోనే ఉన్నది.

బరువుతో నిండిన బండి పల్లానికి దిగేటప్పుడు గమనించండి. బండి ఎడ్లను మించి పోవాలని చూస్తుంది. అందుచేత కాడి ఎడ్ల మెడలమీద ముందుకు, కొమ్ములకేసి, జరుగుతుంది. ఆ తోపు తగలగానే ఎడ్లు కాళ్ళు బిగబట్టి బండిని నిలవేస్తాయి. బండి ఎంత గట్టిగా తోస్తే ఎడ్లు అంత గట్టిగా ఆపాలి.

పడవబండిలో జరిగేదీ ఇదే. పడవను చక్రాల బండిమీద పెట్టి, ఆ బండిని కారు వెనక తగిలిస్తారు. బండికి ముందుండే ఇనుప కాడి ఒకే ముక్క కాదు. రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి కొంచెం జరిగేటట్టు అమర్చి ఉంటాయి. కారు వేగం తగ్గిందనుకోండి. వెనక బండి జడత్వంకొద్దీ అదే వేగంతో ముందుకు వస్తుంది. అప్పుడు రెండు ముక్కలూ దగ్గరికి నొక్కుకుంటాయి. ఆ నొక్కుడుకు ఒక గొట్టంలో ఉన్న బ్రేకు ద్రవం సన్నని గొట్టాలగుండా చక్రాలదాకా తోసుకుపోయి, బ్రేకులను బిగిస్తుంది. దీన్ని సర్జ్ బ్రేకు అంటారు. దీనికి వేరే పెడలు అక్కరలేదు. బండి బరువే బ్రేకు వేస్తుంది!

మరి ఇంత తెలివైన బ్రేకుకు చిక్కేమిటి? దానికి కళ్ళు లేవు. కారు ఆగుతున్నదో, వెనక్కు పోతున్నదో దానికి తెలియదు. తెలిసేది ఒక్కటే — నొక్కుడు. కారు వెనక్కు నడిచినప్పుడు కూడా ఆ రెండు ముక్కలూ నొక్కుకుంటాయి గదా! వెంటనే బ్రేకు పడుతుంది. డ్రైవరు విసుక్కుని ఇంకా గట్టిగా తోస్తే, అది ఇంకా గట్టిగా బిగుస్తుంది.

తమాషా ఏమిటంటే, పడవను నీళ్ళలోకి దించేటప్పుడు ఈ చిక్కు అంతగా కనిపించదు. ఒడ్డు నీటివైపు వాలుగా ఉంటుంది గనక బండి తన బరువుతో తానే దిగుతుంది, తోయనక్కరలేదు. ఇంటికి వచ్చి, మిట్టమీదికో, మెత్తని నేలలోకో వెనక్కు ఎక్కించబోతే మొరాయిస్తుంది.

దీనికి మూడు ఉపాయాలున్నాయి. మొదటిది, ఆ రెండు ముక్కలూ జరగకుండా ఒక చీల అడ్డం పెట్టటం. రెండవది, విద్యుత్తుతో పనిచేసే కవాటం: కారు వెనక్కు నడిచేటప్పుడు వెలిగే దీపపు తీగనుంచే దానికి కరెంటు అందుతుంది, అది ద్రవాన్ని చక్రాలదాకా పోనివ్వదు. మూడవది, చక్రం వెనక్కు తిరిగినప్పుడు పట్టు వదిలే బ్రేకులు. ఇవి మిట్ట ఎక్కేటప్పుడు కూడా బండిని అడ్డగించవు.

వీటిలో చీల అన్నిటికన్న సులువైనది, అపాయకరమైనదీ అదే. పని కాగానే దాన్ని తీసెయ్యాలి. మరిచిపోయి రోడ్డెక్కితే బండికి బ్రేకే ఉండదు! ముందున్న కారు ఆగబోతే, వెనక ఉన్న పడవ దాన్ని ముందుకు తోస్తుంది. అడ్డం తీసినదాకా పని పూర్తి కానట్టే.

మన పొలాలకు వచ్చే ట్రాలీలలో చాలావాటికి ఇటువంటి బ్రేకు ఉండదు. బరువునంతా ట్రాక్టరే ఆపాలి. అయితే వెనక్కు నడిపేటప్పుడు ఒక వింత మాత్రం చాలావాటికి ఒకటే: డ్రైవరు స్టీరింగును కుడికి తిప్పితే ట్రాలీ వెనక భాగం ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి పోతుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒక చిట్కా చెబుతారు — చక్రాన్ని కిందివైపున పట్టుకో, చెయ్యి ఎటు జరిపితే ట్రాలీ అటే పోతుంది.

కాబట్టి ట్రాక్టరు ముందు చక్రాలు చూసి, "ట్రాలీ అటు పోతుందిలే" అని ఎన్నడూ అనుకోవద్దు. అది రెండో పక్కకే రావచ్చు. పైగా నిండు ట్రాలీ వెనక ఉన్న పిల్లవాడు డ్రైవరుకు కనిపించడు. మీకు డ్రైవరు మొహం కనిపించకపోతే, మీరూ ఆయనకు కనిపించటం లేదన్నమాట. కల్లంలోగాని, మార్కెట్టులోగాని బండి వెనక్కు వస్తున్నదంటే, దూరంగా తప్పుకోండి. మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ కూడా ఈ మాట చెప్పండి.