గూడెంలో కోళ్లు వరసగా చస్తుంటే దాచొద్దు

2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరు, తూర్పుగోదావరి జిల్లా కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మాటలన్నీ పెద్ద ఫారాల చుట్టే తిరిగాయి. పెరట్లో పది కోళ్లు పెంచుకునే మన గూడేల సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు. ఆ ఊళ్లకీ మన ఏజెన్సీకీ మధ్య గోడేం లేదు కదా. సంతకొచ్చే కోళ్ల బండి, గుడ్ల అట్ట, చెప్పులకంటిన కోడిపెంట చాలు, రోగం ఎక్కొచ్చేస్తుంది.

కోళ్లు చస్తే మనం "కొక్కెర తెగులులే" అని ఊరుకుంటాం. మెడ తిరగడం, పచ్చగా పారడం రెండు రోగాల్లోనూ ఉంటాయి. కానీ జుట్టు, తమ్మెలు నీలంగా నల్లబడి, మొహం వాచి, కాళ్ల మీద ఎర్రమచ్చలొచ్చి, రెండు మూడు రోజుల్లోనే గంప కిందివన్నీ పడిపోతుంటే అనుమానించాల్సిందే. ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండానే చస్తాయి. చూసి తేల్చడం డాక్టరు వల్ల కూడా కాదు, శాంపిల్ భోపాల్ ల్యాబుకి వెళ్లాలి.

అప్పుడు మనమేం చేస్తాం? మిగిలినవి కోసుకుంటాం, లేదా సంతలో సగం ధరకి అమ్మేస్తాం, చచ్చినవి వాగులో పడేస్తాం. పెంచిన కోడిని పారేయడానికి చెయ్యి రాదు, నిజమే. బాగా ఉడికితే వైరస్ చస్తుంది. కానీ కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడే అసలు ముప్పు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకి చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని అప్పట్లో వార్తలొచ్చాయి.

చచ్చినవాటిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. 1962కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే బండేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. కోళ్లని ముట్టుకున్నవాళ్లకి జ్వరం, దగ్గు వస్తే ఆ సంగతి ఆశా అక్కకి చెప్పి తీరాలి.

ఇంకో మాట, ఇది డబ్బు సంగతి. రోగం ఖాయమయ్యాక అధికారులు చంపించిన కోళ్లకే పరిహారం వస్తుంది, ముందే చచ్చినవాటికి రాదు. దాచినకొద్దీ నష్టపోయేది మనమే. ఆ పరిహారం ఫారాలకే కాదు, పెరటి కోళ్లకీ ఉంది. లెక్క రాసేటప్పుడు చదువుకున్న మీరు పక్కన నిలబడండి. పిల్లలు, పెట్టలు, పుంజులు విడివిడిగా రాయించండి. పగలగొట్టిన గుడ్లూ లెక్కలోకి వస్తాయి. కాగితం చేతికొచ్చేదాకా అవ్వ చేత వేలిముద్ర వేయించొద్దు.