ఫోటో తీసినోడు బాకీ పడ్డట్టే

పోస్టు జర పెద్దగైంది. పొద్దుమూకి బువ్వ తిన్నంక తీరికగా చదవండి.

మొంథా తుఫాను సంగతి మీకు కొత్తగ చెప్పే పనిలేదు. 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర ఒడ్డు దాటింది. సముద్రం ఎక్కడ, మనమెక్కడ అనుకుంటం గానీ, వరంగల్, హనుమకొండల కాలనీలకు కాలనీలే మునిగినయ్. మన పక్కనున్న నాగర్‌కర్నూల్ జిల్లాల, అచ్చంపేట దిక్కు, తెంపుకునే పత్తి చేను మీదనే నల్లబడ్డది, కోతకొచ్చిన వరి నేలకు పండుకుంది. మన దగ్గర రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తడిసినయ్. అయినా వాళ్ల నష్టంతోని చూస్తే మనది తక్కువనే.

రెండు మూడు దినాలకు మా అక్క కొడుకు నా ఫోన్‌కు ఒక ఫోటో పంపిండు. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి ఒక ముసలాయన ఏడుస్తున్నడు. మీద "రైతన్నను ఆదుకుందాం" అని పెద్ద అక్షరాలు. కింద పైసలు వేసే క్యూఆర్ కోడు. వాడు, వాని దోస్తులు కలిసి చందాలు జమ చేస్తున్నరట. "మామా, నీ పేజీల పెట్టు, నీ మాట మస్తు మంది చదువుతరు" అన్నడు.

నేను మూడు ముచ్చట్లు అడిగిన. ఈ పెద్దమనిషిది ఏ ఊరు? తన ఫోటోతోని పైసలు అడుగుతున్నరని ఆయనకు ఎరుకేనా? వచ్చిన పైసల్లకెల్లి ఆయనకు ఒక్క రూపాయన్న పోతదా?

వాడు నిజమే చెప్పిండు. "మామా, అది ఇంటర్నెట్ల దొరికింది. చూస్తే గుండె కలుక్కుమంటది కదా అని పెట్టినం."

నేను పెట్టలే. వానికి కోపమొచ్చింది. "ఇంట్ల కూసోని నీతులు చెప్పుడు అల్కనే మామా, మేం పని చేస్తుంటే అడ్డం పడుతున్నవ్" అన్నడు. వాని మాటల సగం న్యాయముంది. అందుకే ఈ పోస్టు. ఇది వానికి జవాబు, 16 ఏండ్ల కింద నేను చేసిన తప్పుకు ఒప్పుకోలు కూడా.

2009 అక్టోబర్ 2 మీకందరికి యాదుంటది. గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు టౌను మీద పడ్డయ్. శ్రీశైలం డ్యాంకు 19 లక్షల క్యూసెక్కుల లెక్కన డిజైన్ చేస్తే, వచ్చిన వరద 25 లక్షలు దాటింది. మన పాలమూరు జిల్లాల అలంపూర్ మునిగింది, రాజోలి మునిగింది. అప్పుడింకా గద్వాల జిల్లా లేదు, అందరం ఒకటే జిల్లా. ఎప్పుడు కరువని ఏడ్చే జిల్లాకు నీళ్లే శత్రువైనయ్.

నాకప్పుడు నలభై దగ్గర ఉంటది. మా పది పన్నెండు మందిమి ఇల్లిల్లు తిరిగి బియ్యం, జొన్న రొట్టెలు, దుప్పట్లు జమ చేసినం. నీళ్లు తీసినాక, రోడ్డు తెరిచినంక డీసీఎంల వేసుకొని కొత్తకోట కాడ హైవే ఎక్కినం. బీచుపల్లి బ్రిడ్జి దాటి, అలంపూర్ చౌరస్తా కాడ మళ్లి, శాంతినగర్ మీదికెల్లి రాజోలి పోయినం. కెమెరా నా చేతుల ఉండె. వనపర్తిల తెలిసిన స్టూడియో పిలగాని దగ్గర అడుక్కొని తెచ్చిన చిన్న డిజిటల్ కెమెరా.

రాజోలి అంటే మగ్గాల ఊరు. మనం గద్వాల చీర అని పెండ్లిండ్లకు కొంటం సూడు, నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికి నేసేది, అది ఆడ కూడా నేస్తరు. గుంట మగ్గాలు. మనిషి కాళ్లు పెట్టే గుంతనిండ వండుమట్టి. పడుగు బురదల కలిసిపోయింది. మనకు చేను పోతే వచ్చే కారుకన్న ఆశ ఉంటది. వాళ్లకు మగ్గం పోతే చేను, ఎద్దులు, నాగలి ఒక్కపారే పోయినట్టు.

ఒక అవ్వకు దుప్పటి ఇచ్చినం. మా ఊరి పెద్దమనిషి ఒక కొస పట్టుకున్నడు, అవ్వ ఒక కొస పట్టుకుంది. నేను ఫోటో తీసిన. ఎండ ఎదురుంగ ఉండి మొఖం నల్లగొచ్చింది. "అవ్వా, ఇంకోపారి పట్టు" అన్న. తీసిన. ఈసారి మా బ్యానరు సగం కోసుకపోయింది. "ఇంకొక్కపారి అవ్వా, ఇటు సూడు" అన్న.

అప్పుడు ఆమె అన్నది, "బిడ్డా, మూడుసార్లు ఇచ్చినవ్, దుప్పటి ఒక్కటే గద."

మావోళ్లు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆమె నవ్వలే.

ఊరికొచ్చినంక ఆ మూడో ఫోటోనే పెద్దగ ఫ్లెక్సీ కొట్టించినం. దాన్ని కొత్తకోట అంగడిల పెట్టి డబ్బా పట్టుకొని తిరిగితే 46 వేలు వచ్చినయ్. ఆ ఫోటో లేకుంటే అన్ని రాకపోవు, అది ఒప్పుకుంట. ఆ పైసలు తీస్కపోయి ఆడ సాయం చేస్తున్న ఒకరి చేతిల పెట్టి వచ్చినం. ఎన్ని మగ్గాలు లేచినయో అడగలే. ఆ అవ్వకు చేరినయా లేదా అడగలే. మళ్ల రాజోలి పోనే లేదు.

తర్వాత ఏడెనిమిదేండ్లకు బిడ్డ పెండ్లికి చీరలకని గద్వాల పోయినం. దుకాణంల కూసున్న నేతాయన రాజోలోడే. మాటల మాట వచ్చి, మేం వరదప్పుడు వచ్చినమని గొప్పగ చెప్పిన. దుప్పటి, అవ్వ, ఫ్లెక్సీ అన్నీ చెప్పిన. ఆయన చీర మడత పెట్టుడు ఆపిండు. "ఆ ఫోటో మాకు ఎరుకే" అన్నడు. అవ్వ మనుమడు అప్పట్ల కొత్తకోట దిక్కు కూలికి వచ్చి, అంగడిల వాళ్ల అవ్వ ఫ్లెక్సీ చూసిండట. ఇంటికి పోయి చెప్తే ఆమె రెండు దినాలు బువ్వ తినలేదట. "నేను చెయ్యి చాపలే, వాళ్లే చాపమన్నరు" అన్నదట. జీవితమంత పెండ్లి చీరలు నేసిన మనిషి. ఆమెకున్న ఒక్కగానొక్క పెద్ద ఫోటో, తడిసిన చీరల చెయ్యి చాపినట్టున్నది. అది కూడా నేను తీసింది. అప్పటికే ఆమె లేదు.

ఆ దినం చీరల బేరం చెయ్యబుద్ధి కాలేదు. చెప్పిన ధర ఇచ్చి వచ్చిన. దాంతోని బాకీ తీరదని నాకు ఎరుకే.

ఈ తప్పు నేనొక్కన్నే చేసింది కాదు, కెమెరా పుట్టినప్పటి సంది ఉన్నదే. మా తాతలు ధాత కరువు అని చెప్పేటోళ్లు. అది 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు. కర్నూలు, బళ్లారి, కడప, ఇటు నిజాం రాజ్యం, అటు మైసూరు, అంత ఎండిపోయింది. చచ్చిపోయినోళ్లు 55 లక్షల దాకా ఉంటరని ఒక అంచనా. అప్పుడు మద్రాసు సైన్యంల హూపర్ అనే తెల్ల ఆఫీసరు ఫోటోలు తీసిండు. ఎముకల గూళ్ల లెక్కున్న తల్లులను, పిల్లలను, ముసలోళ్లను వరసగ కూసోబెట్టి తీసినయ్. ఇప్పటికీ దొరుకుతయ్, చూస్తే కడుపుల దేవినట్టైతది.

అదే కాలంల, 1877 ఆగస్టుల, మద్రాసు గవర్నరు లండన్‌కు మొరపెట్టుకుంటే అక్కడ పెద్ద చందా నిధి మొదలైంది. ఇట్లాంటి ఫోటోలు ఇంగ్లండ్ల చేతులు మారినయ్, దయగలోళ్లు పైసలిచ్చిన్రు, కొందరి పానాలు నిలబడ్డయ్. అది మంచే. కానీ హూపర్ మీద అప్పుడే ఒక నింద పడ్డది. ఆకలిగొన్నోళ్లను ఫోటో కోసం తెప్పించుకొని, తీసినంక బువ్వ పెట్టకుండనే పంపేసిండని. ఇంకో మాట. ఆ ఫోటోలల్ల ఆకలి కనవడ్డది గానీ, అదే కాలంల మన దేశం నుంచి ఓడల్ల ఎగుమతైన గోధుమలు కనవడలే. ఏడుపు మొఖం ఒక్కటే చూపిస్తే ఇట్లనే అయితది. చూసినోనికి జాలి వస్తది, కారణం మాత్రం అడగడు.

మరి ఫోటోనే వద్దా అంటే, నేనట్ల అంటలేను. 1943ల బెంగాల్ కరువొస్తే, సునీల్ జానా అనే పిలగాడు, పాతికేండ్ల వయసు, కెమెరా పట్టుకొని ఊర్లు తిరిగిండు. కమ్యూనిస్టు పార్టీ పత్రికల ఆ ఫోటోలు వచ్చినయ్. వాటిని పోస్టు కార్డులుగ అచ్చేసి అమ్మి, కరువు సాయానికి పైసలు పోగుచేసిన్రు. దాయాలనుకున్న కరువును ఆ ఫోటోలు బయట పెట్టినయ్. కెమెరా అదే, పని వేరే.

ఇంకోటి చూడండి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కల్నే పది వేల మంది దాకా పోయిన్రు. నాకు ఏడెనిమిదేండ్లు, పెద్దోళ్లు రేడియో చుట్టు కూసున్నది యాదుంది. అప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ ఊరూరు తిరిగి జోలె పట్టిన్రు. జనం ఇచ్చిన్రు. ఆడ అడిగినోళ్లు తమ మొఖం చూపించి అడిగిన్రు. బాధపడ్డోళ్ల మొఖం అడ్డం పెట్టుకోలే. మన పిలగాండ్లు నేర్చుకోవాల్సింది ఇదే. ఊర్ల నీకు పేరుంటే నీ పేరు మీద అడుగు. నీ ఫోటో పెట్టు, నీ ఫోన్ నంబరు పెట్టు. అట్ల పెడితే లెక్క చెప్పాల్సి వస్తది. ముక్కు మొఖం తెలియని ముసలాయన ఫోటో పెడితే ఎవనికీ చెప్పే పనిలేదు. అందుకే అది అల్క.

మన పాలమూరోళ్లకు ఈ సంగతి ఇంకా బాగ తెలవాలె. ఎన్నేండ్లు మన ఫోటోలు తీసిన్రు! పగుళ్లు బారిన చెరువు, నెత్తిన చెయ్యి పెట్టుకున్న రైతు, మూటా ముల్లె కట్టి బొంబాయి బస్సెక్కే పాలమూరు లేబరు. ఆ ఫోటోలు ఎక్కడెక్కడనో అచ్చయినయ్. ఆ బస్సెక్కినోళ్లను ఎవరన్న అడిగిన్రా? వచ్చి చూపించిన్రా? మనకు కోపమొచ్చిన పనే మనం ఇంకొకనికి చేస్తే ఎట్ల?

అందుకే మా అల్లునికి, వాని దోస్తులకు నేను చెప్పేది ఇది.

ముందు ఎవరి కోసం అడుగుతున్నరో ఆ ఊరికి పోండి. మనకు దూరం కాదు. కండ్లతోని చూసి, వాళ్లతోని మాట్లాడి, అడిగి ఫోటో తీయండి. వద్దంటే వద్దు. పంట నష్టం చూపించాలంటే మొఖం అవసరం లేదు. నల్లబడ్డ పత్తి కాయ చూపించు, మొలకొచ్చిన వడ్ల కుప్ప చూపించు, ఇసుక మేట వేసిన మడి చూపించు. రైతైనోడు ఆ ఫోటో చూస్తే వానికి కన్నీళ్లు వేరేగ చూపించే పనిలేదు. ఆ ఫోటో మీదనే ఊరి పేరు, తారీకు రాయండి. ప్రతి వరదకు పాత వరద ఫోటోలే మళ్ల తిరుగుతున్నయ్, అందుకే ఇచ్చేటోళ్లు నిజమైన దాన్ని కూడా నమ్ముతలేరు.

క్యూఆర్ కోడు ఎవని ఖాతాదో పేరు రాయండి. వచ్చిన పైసలు, ఇచ్చిన పైసలు పంచాయతీ గోడకు కాగితం అంటించి రాయండి. దుప్పటి ఇచ్చేటప్పుడు కెమెరా జేబుల పెట్టండి. సాయం అందిన సంగతి రుజువు కావాలంటే, ఆ ఊరి పెద్దోళ్ల సంతకం చాలు.

అన్నిటికన్న ముఖ్యమైంది, ఆరు నెలలకు మళ్ల పోండి. మనం పంపిన పైసలతోని విత్తనం పడ్డదా, మోటరు బాగైందా, చేను లేచిందా చూసి, ఆ ఫోటో పెట్టండి. మునిగినప్పుడు వచ్చే కెమెరాలు వంద. లేచినప్పుడు వచ్చేది ఒక్కటి ఉండదు. రాజోలిల మళ్ల ఆడిన మగ్గం ఫోటో నా దగ్గర ఒక్కటన్న ఉంటే, గద్వాల దుకాణంల నేను తల దించుకునేటోన్ని కాదు.

ఇవన్నీ చేస్తే పైసలు తక్కువొస్తయని వాడన్నడు. రావచ్చు. 46 వేలకు బదులు 20 వేలే రావచ్చు. ఆ 20 వేలు ఏ ఇంటికి పోయినయో చెప్పగలిగితే, వచ్చే ఏడు అడిగితే మళ్ల ఇస్తరు. మేం 2009ల అడిగినోళ్లను మళ్ల అడగడానికి మాకే మొఖం చెల్లలే.

బ్యాంకుల అప్పు తీసుకుంటే పాసుబుక్కు పెడతం, సంతకం పెడతం, కిస్తీ కడతం. ఒకని దుఃఖాన్ని ఫోటో తీసి పైసలడిగినప్పుడు కూడా వాని దగ్గర అప్పు తీసుకున్నట్టే. లెక్క చెప్పినప్పుడే ఆ బాకీ తీరేది.

నిన్న పొద్దుగాల మా అల్లుడు ఇంటికొచ్చిండు. ఇంకా ముభావంగనే ఉన్నడు. కానీ ఆదివారం అచ్చంపేట దిక్కు పోదాం, బండి మాట్లాడమన్నడు. నా వంతు రెండు వేలు వాని చేతిల పెట్టిన, కాగితం మీద మొదటి పేరు నాదే రాయించిన. జీపుల ఇంకా ముగ్గురికి జాగ ఉంది. వచ్చేటోళ్లు శనివారం పొద్దుమూకేలోపల చెప్పండి. ఇచ్చే పైసల లెక్క ఈ పేజీల నేనే రాస్త, ఆరు నెలలకు మళ్ల పోయి వచ్చి అది కూడా రాస్త. రాయకుంటే అడిగే హక్కు మీకుంది.

ఉంట మరి.