మచ్చను కాల్చకండి, కొలవనివ్వండి

అనుమానం కలిగించే నల్లమచ్చను కాల్చి పారేయకూడదు. కోసి తీసిన ముక్కను చెత్తబుట్టలో వేయకూడదు. పాథాలజిస్టుగా నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఇది.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బని మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. వాళ్లలో ఎక్కువన్నది నిజమే. మనలో వస్తే మాత్రం ఎక్కువగా ఎండ తగలని చోట్ల, అరికాల్లోనో అరచేతిలోనో గోటి కిందో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఈ రకమే. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయారు.

నా మైక్రోస్కోపు కిందికి వచ్చే ఇలాంటి స్లైడ్ల వెనక తరచూ ఒకే కథ ఉంటుంది. నాట్లు వేసే ఒకావిడ అరికాల్లో మచ్చను ఆనికాయ అనుకుని బ్లేడుతో చెక్కించుకుంది. కార్న్ క్యాప్ అంటించుకుంది. గజ్జల్లో గడ్డ లేచాకే పెద్దాసుపత్రికి వచ్చింది. 'కత్తి పెడితే పాకుతుంది' అని ఇరుగుపొరుగు భయపెట్టారట. పరీక్షకు ముక్క తీసే బయాప్సీ వల్ల మెలనోమా పాకదు. ఆలస్యం వల్ల పాకుతుంది.

రోగి ఎలా ఉండబోతున్నాడో చెప్పే సూచికల్లో మొదటిది చవకైనది: మందం. అమెరికా పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చూపించిన కొలత ఇది. గడ్డ మందం 1 మిల్లీమీటరు లోపు ఉంటే చాలామంది బతికి బయటపడతారు. 4 దాటితే, పైన పుండు కూడా పడితే, ప్రమాదం బాగా పెరుగుతుంది. పైపైన చెక్కిన ముక్కలో ఈ లోతు దొరకదు. కాల్చేస్తే కొలవడానికేమీ మిగలదు.

తర్వాతివి జన్యు సూచికలు. 2002లో మెలనోమా గడ్డల్లో బీరాఫ్ అనే జన్యువులో మార్పు బయటపడింది, దాన్ని అడ్డుకునే మందులు 2011 నుంచి వచ్చాయి. 2013లో ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి తెలిసింది. టెర్ట్ అనే జన్యువు చెక్కుచెదరకపోయినా, దాన్ని నడిపించే ముందుభాగంలో ఒక్క అక్షరం మారితే చాలు, జన్యువు అతిగా పనిచేస్తుంది. క్రోమోజోముల కొసలు అరగకుండా కాపాడుతుంది, కణం ఆగకుండా విభజన చెందుతుంది. ఈ మార్పున్న రోగుల్లో జబ్బు ముదిరే ముప్పు ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి.

అయితే ఈ జ్ఞానంలో అధికభాగం తెల్లవాళ్ల గడ్డల నుంచే వచ్చింది. అరికాలి మెలనోమాలో బీరాఫ్, టెర్ట్ మార్పులు తక్కువ, కిట్ జన్యువులో మార్పులు ఎక్కువ. కిట్ మారిన కొందరికి ఇమాటినిబ్ అనే మందు పనిచేస్తుంది. అక్కడి సూచికలను మన రోగులకు యథాతథంగా అంటగట్టడం న్యాయం కాదు. మన గడ్డల ముక్కలు భద్రంగా ఉంటేనే మన సూచికలు తేలతాయి.

అందుకే అడుగుతున్నాను. అనుమానంతో తీసిన ప్రతి ముక్కా ఫార్మలిన్‌లో ల్యాబుకు చేరాలి. ప్రతి మెలనోమా రిపోర్టులో మందం, పుండు ఉందో లేదో రాయాలి. జబ్బు ముదిరినవారికి బీరాఫ్, కిట్ పరీక్షలు జరగాలి, ఆ ఖర్చు రోగి మీద పడకుండా ప్రభుత్వాలు చూడాలి. షుగర్ రోగుల పాదాలు చూసే డాక్టర్లు, నర్సులు పుండ్లతో పాటు మచ్చలనూ చూడాలి. పెరుగుతున్న, రంగు మారుతున్న, రక్తం కారుతున్న మచ్చ కనిపిస్తే ఆ రోజే చర్మవైద్యుడి దగ్గరికి పంపాలి.