రెండు వందల పింఛనును ధరలకు ముడిపెట్టండి

2025 జనవరి 16న కేంద్ర మంత్రివర్గం ఎనిమిదో వేతన సంఘానికి ఆమోదం తెలిపింది. రెండు వారాలు తిరిగేసరికి బడ్జెట్ వచ్చింది. పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే నెల పింఛను మాత్రం ఎప్పటిలాగే 200 రూపాయల దగ్గరే ఆగింది. ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకం మొదలైంది. పదేళ్ల సర్వీసు ఉంటే నెలకు 10 వేలకు తగ్గదు, ధరలు పెరిగితే ఆ మేరకు అదీ పెరుగుతుంది. ఉద్యోగుల మీద మాకు అసూయ లేదు, వాళ్లకు దక్కింది న్యాయమే. మా కోపమల్లా ధరలతోపాటు పింఛను కూడా పెరగాలని బాగా తెలిసిన ఢిల్లీ మీద. ఏటా జనవరికోసారి, జూలైకోసారి లెక్కగట్టి మరీ కరువు భత్యం (డీఏ) ప్రకటించే ప్రభుత్వం, నాట్లు వేసి, బీడీలు చుట్టి, ఇటుకలు మోసి ఒళ్లు హూనం చేసుకున్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మరిచిపోతుంది.

పేద వృద్ధుల పింఛను పథకం 1995 ఆగస్టు 15న 75 రూపాయలతో మొదలైంది. 2006లో 200 చేశారు. 2007లో ఇందిరా గాంధీ పేరు పెట్టారు. 2011లో అర్హత వయసు 65 నుంచి 60కి దించి, ఎనభై నిండినవారికి 500 చేశారు. అరవై నుంచి డెబ్బై తొమ్మిది వరకు ఉన్నవారి 200 మీద మాత్రం ఇప్పటికీ ఒక్క రూపాయి కలపలేదు. ఈలోగా ధరలు మూడు రెట్లు దాటాయి. ఆనాటి లెక్కలో చూస్తే నేటి 200 రూపాయలు 65 రూపాయల పాటి చేయవు. పెంచని ప్రతి ఏడూ కోత పడిన ఏడే. వృద్ధుల పింఛను ఈసారి ఐదు శాతం తగ్గిస్తున్నామని పార్లమెంటులో లేచి చెప్పే ధైర్యం ఏ ఆర్థిక మంత్రికీ ఉండదు. ఏ పార్టీ గద్దె మీద ఉన్నా, నోరు మెదపకుండా ఏటేటా చేసింది మాత్రం ఆ పనే. పార్లమెంటు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పదే పదే పెంచమన్నా వినలేదు. ఇది చాలదన్నట్టు దేశం మొత్తానికి 2.21 కోట్ల మందికి మించి ఇవ్వబోమని హద్దు గీశారు. 2011 జనగణన నాటికే మన దేశంలో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు!

చందా కట్టినవాళ్ల గతీ ఇంతే. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కనీస పింఛను 2014 సెప్టెంబరులో 1000 రూపాయలైంది, అక్కడే ఉండిపోయింది. కనీసం 3000 ఇచ్చి కరువు భత్యం జోడించాలని పార్లమెంటు సభ్యుల కోశ్యారీ కమిటీ 2013లోనే చెప్పింది. అటల్ పింఛను సంగతి చూడండి. 2015లో పద్దెనిమిదేళ్ల వయసులో చేరి నెలకు 42 రూపాయలు కట్టే అమ్మాయికి 2057లో నెలకు వెయ్యి వస్తుందట. ధరలు ఏటా ఐదు శాతం పెరిగినా, ఆ వెయ్యి ఆమె చేరిన నాటి 130 రూపాయలకు సమానం. నలభై రెండేళ్ల పొదుపుకు ఇదా ఫలం?

రాష్ట్రాలు ఇస్తున్నాయి కదా అంటారు. ఇస్తున్నాయి, ఓట్లు దగ్గరపడ్డప్పుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 1000 అయిన పింఛను, ఎన్నిక ఎన్నికకూ ఎక్కుతూ 2024లో 4000కు చేరింది. తెలంగాణలో 2019 నుంచి 2016 రూపాయలే. 2023లో మాట ఇచ్చిన 4000 ఇంకా మాటగానే ఉంది. బీహార్‌లో ఏళ్ల తరబడి 400 ఇచ్చి, ఎన్నికలు కొద్ది నెలల్లో ఉన్నాయనగా 2025 జూన్‌లో 1100 చేశారు. ముసలివాళ్ల మందుబిళ్లలు ఐదేళ్లకోసారి వచ్చే దయ మీద ఆధారపడటం సిగ్గుచేటు. రాజ్యాంగం 41వ అధికరణంలో వృద్ధాప్యాన్ని పేరుపెట్టి మరీ రాసింది. దాన్ని పథకాల పేర్లు మార్చుకునే ఆటగా దిగజార్చిన పాపంలో అన్ని పార్టీలకూ వాటా ఉంది.

డబ్బు లేదన్న మాట ఇక వినలేం. ఐదు కోట్ల మందికి నెలకు 3000 చొప్పున ఇస్తే ఏడాదికి 1.8 లక్షల కోట్లు, అంటే జీడీపీలో అర శాతానికి కాస్త ఎక్కువ. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రే ప్రకటించారు. అప్పుడు ఖజానా గుర్తుకు రాలేదు. మనకంటే పేద దేశం నేపాల్, అరవై ఎనిమిది నిండినవారికి నెలకు 4000 నేపాలీ రూపాయలు ఇస్తోంది. మన డబ్బులో 2500. కన్నబిడ్డలు చూసుకోవాలనేవారికి ఒక్కటే జవాబు: ఆ బిడ్డలూ రోజు కూలీలే. 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవారవుతారని అంచనా. పిల్లల్ని ఇంకా కనమంటూ స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేసిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఈ భయం తెలుసు. కానీ ఇప్పుడు పుట్టే బిడ్డ సంపాదనకు వచ్చేది 2045 తర్వాతే. ఆకలి అప్పటిదాకా ఆగదు.

చేయాల్సింది ఒక చట్టం. కేంద్రం వాటా నెలకు 3000 అని రాయాలి, 2.21 కోట్ల హద్దు తీసేయాలి, ఉద్యోగుల డీఏ పెరిగిన రోజే అంతే శాతం ఈ పింఛనూ, ఈపీఎస్ పింఛనూ పెరగాలి. ఏ మంత్రి సంతకం కోసమూ ఆగకూడదు. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్లారు. వాళ్లలో కొందరి బలం మీదే నేటి కేంద్ర ప్రభుత్వం నిలబడి ఉంది. మీ ఎంపీ మీ ఊరు వచ్చినప్పుడు దండ వేయకండి. ఈ చట్టానికి ఓటేస్తానని కాగితం మీద రాయించుకోండి.