పుదీనా కొమ్మ ఇచ్చిన సాక్ష్యము



"రాత్రిపూట చెట్టు క్రింద పడుకోవద్దు" అని మన పెద్దలు చెప్పగా మీలో చాలామంది వినే ఉంటారు. "చెట్లు గాలిని శుభ్రము చేస్తాయి" అని మన పిల్లలు బడిలో చదువుకొని వస్తారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగనట్లు కనిపిస్తాయి. ఇంతకూ చెట్టు గాలిని బాగుచేస్తుందా, పాడుచేస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో ముగ్గురు సంఘ సేవకులు ఉన్నారన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. ఈ నెల వారి పనిని గూర్చి తెలుసుకుందాము.

చెట్టు తన బరువును ఎక్కడనుండి తెచ్చుకుంటుంది? "మట్టిలోనుండి" అని పూర్వము అందరూ అనుకొనేవారు. వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు దీనిని పరీక్షించాడు. ఒక తొట్టిలో 200 పౌన్ల ఎండు మట్టి పోసి, 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, ఐదు సంవత్సరములు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లకు పెరిగింది. మట్టి తగ్గినది సుమారు 2 ఔన్సులే! కాబట్టి చెట్టంతా నీటినుండే వచ్చిందని ఆయన తేల్చాడు. 1648లో, ఆయన మరణానంతరము, ఈ సంగతి అచ్చయింది. అయితే చెట్టు చుట్టూ ఉన్న గాలిని ఆయన లెక్కలోనికి తీసుకోలేదు.

గాలివైపు చూచినవాడు స్టీఫెన్ హేల్స్. ఈయన ఇంగ్లండులోని టెడ్డింగ్టన్ గ్రామములో గురువు. కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను ఉదయము, సాయంత్రము తూకము వేసి, అది పగటి పండ్రెండు గంటలలో సగటున అర కిలోకు పైగా నీటిని ఆకులగుండా గాలిలోనికి విడుస్తున్నదని 1724లో కనుగొన్నాడు. ఆకులు గాలినుండి కొంత ఆహారమును కూడా తీసుకొంటున్నాయేమో అని 1727లో ప్రచురించిన తన గ్రంథములో సూచించాడు.

రెండవవాడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ, లీడ్స్ పట్టణములో ఒక సంఘమునకు కాపరి. మూసిన గాజు పాత్రలో కొవ్వొత్తి వెలిగిస్తే కొంతసేపటికి ఆరిపోతుంది. మూసిన పాత్రలో ఎలుకను ఉంచినా కొంతకాలమునకు చనిపోతుంది. మరి లోకమంతటా ఇన్ని పొయ్యిలు మండుతూ, ఇన్ని ప్రాణులు ఊపిరి పీలుస్తూ ఉండగా గాలి ఎందుకు చెడిపోవడము లేదు? 1771 ఆగస్టు 17వ తేదీన ఆయన, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచాడు. పది దినములు ఆగి 27వ తేదీన చూడగా, అదే గాలిలో కొవ్వొత్తి చక్కగా వెలిగింది!

కాని తరువాత ఈ ప్రయోగము కొందరికి ఫలించింది, కొందరికి ఫలించలేదు. ఆ చిక్కు విప్పినవాడు యాన్ ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు. 1779 వేసవిలో ఆయన 500కు పైగా ప్రయోగాలు చేసి, మొక్క గాలిని బాగుచేయాలంటే వెలుతురు కావాలనీ, ఆ పని చేసేది పచ్చని భాగములేననీ, చీకటిలో మొక్క కూడా మనవలెనే గాలిని కొంత పాడుచేస్తుందనీ చూపాడు. పిమ్మట జెనీవాకు చెందిన పాస్టరు జాన్ సెనెబియే, మొక్కకు ప్రాణవాయువును విడిచే శక్తి కలగాలంటే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడ్, అందాలని 1782లో ప్రచురించిన గ్రంథములో తెలియజేశాడు. మనము విడిచినదే దానికి ఆహారము. నీటితోపాటు ఈ వాయువు కూడా చేరి చెట్టు బరువవుతుందని 1804లో డి సోస్యూర్ తూకము వేసి నిరూపించాడు. మీ ఇంటి తలుపు, మంచము, పొయ్యిలోని కట్టె, వీటిలో ఉన్న బొగ్గంతా ఒకప్పుడు గాలిలో ఉన్నదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పెద్దల మాటలో కొంత నిజమున్నది. రాత్రి చెట్టు ప్రాణవాయువును తీసుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. అయితే ఆరుబయట అది హాని చేసేంత కాదు. గదిలోని కుండీ మొక్క రాత్రంతా విడిచేది, ప్రక్కన పడుకున్న మనిషి విడిచేదానికంటె ఎంతో తక్కువ. భయపడనక్కరలేదు. అలాగే, ఒక కుండీ మొక్క గది గాలినంతా బాగుచేస్తుందని నమ్ముకోనూ వద్దు. కిటికీ తెరచుటే మేలు.

ఒక్క మొక్క చేసేది కొంచెమే. లోకములోని మొక్కలన్నీ కలిస్తే ఆ పని కొలతకు అందుతుంది. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతముపై గాలిని కొలవడము ఆరంభించాడు. భూమి ఉత్తర భాగములో నేల, అడవులు ఎక్కువ. అక్కడ వేసవిలో చెట్లు చిగిర్చి పెరిగినప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఆకులు రాలి కుళ్ళినప్పుడు తిరిగి పెరుగుతుంది. ఏటేటా మే నెలలో హెచ్చు, సెప్టెంబరు ప్రాంతములో తగ్గు. భూమి సంవత్సరానికి ఒక్కసారి ఊపిరి పీల్చి విడిచినట్లు ఉంటుంది!

అడవి వానను కూడా మార్చుతుంది. పొద్దుతిరుగుడు మొక్క అర కిలో నీరు విడిస్తే, కోట్ల చెట్లు ఎంత విడుస్తాయో ఊహించండి. అమెజాన్ అడవిలో కురిసిన వాన ఆకులగుండా మరల ఆవిరై, గాలితో లోపలికి సాగి, మరొకచోట వానగా కురుస్తుందని ఎనెయాస్ సలాటీ అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు 1970ల్లో చూపాడు. ఆ అడవి లేకపోతే మనకు ప్రాణవాయువు ఉండదని కొందరు అంటారు. అది సరికాదు. అడవి తాను చేసిన ప్రాణవాయువును దాదాపుగా తానే వాడుకుంటుంది. గాలిలో ప్రాణవాయువు 21 శాతము నిలువ ఉన్నది. అడవి పోతే మొదట పోయేది వాన, చల్లదనము.

ఇక గాలి మొక్కలకు ఏమి చేస్తున్నది? యంత్రయుగమునకు ముందు పది లక్షల పాళ్ళ గాలిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 280 పాళ్ళు ఉండేది. కీలింగ్ కొలత మొదలుపెట్టిన నాటికి 315 అయింది. నేడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించుటయు, అడవులు నరుకుటయు ఇందుకు కారణము. మనము విడిచినదానిలో దాదాపు సగము సముద్రములు, చెట్లు, నేల కలిసి తీసుకొంటున్నాయి. మిగిలినది గాలిలోనే నిలిచి భూమిని వేడెక్కిస్తున్నది.

"ఆహారము ఎక్కువైతే మొక్కకు మంచిదే కదా" అని కొందరు అడుగుతారు. కొంతవరకు మంచిదే. అనేక మొక్కలు ఎక్కువ పెరుగుతాయి, ఆకు రంధ్రములను కొంత మూసికొని నీటిని పొదుపు చేస్తాయి. అయితే పొలములలో ఈ వాయువును పెంచి పరీక్షించగా, వరి, గోధుమ గింజలలో జింకు, ఇనుము, మాంసకృత్తులు తగ్గినట్లు తేలింది. పైగా పూత సమయములో ఎండ వేడిమి మితిమీరితే వరి కంకులు తాలు పోతాయి. అన్నమే ఆధారమైన ఇండ్లకు ఇది చిన్న సంగతి కాదు.

కాబట్టి ఒక మాట గుర్తుంచుకొనవలెను. రోడ్డు వెడల్పు చేయుటకో, ఇంటి స్థలము కొరకో పెద్ద చెట్టును కొట్టేటప్పుడు "దీనికి బదులు రెండు మొక్కలు నాటుతాము" అంటాము. ముప్పది, నలుబది ఏండ్లుగా ఆ చెట్టు గాలినుండి కూర్చుకొన్నది దాని మానులో ఉన్నది. దానిని కాల్చినా, కుళ్ళనిచ్చినా అదంతా తిరిగి గాలిలోనికే పోతుంది. నాటిన మొక్క ఆ అప్పు తీర్చాలంటే మరల అన్ని ఏండ్లు బ్రదకాలి. నాటిన దినమున ఫోటో తీసికొని వేసవిలో నీళ్ళు పోయని మొక్క ఏ అప్పూ తీర్చదు.

మొక్కలు నాటండి, తప్పక నాటండి. కనీసము రెండు మూడు వేసవులు నీళ్ళు పోసి, కంచె వేసి కాపాడండి. అంతకంటె ముందు, నిలిచియున్న చెట్టును నిలువనివ్వండి. కొమ్మ అడ్డమైతే కొమ్మను కొట్టండి, మానును కాదు. ఎండుటాకులను తగులబెట్టక గోతిలో వేసి ఎరువు చేయండి. పుదీనా కొమ్మ పది దినములలో ఒక గాజు పాత్రలోని గాలిని బాగుచేసింది. మన గాజు పాత్ర పెద్దదే గాని, దానికి కూడా మూత ఉన్నది. అందులో వెలిగించే కొవ్వొత్తులు పెంచుకుంటూ, కొమ్మలు తగ్గించుకుంటూ పోతే ఎట్లు?