‘వచ్చిండు’లో లోపం

వ్యాకరణంలో లోపం అంటే ఒక ధ్వని కనబడకుండా పోవడం. ‘వాడు’, ‘ఎవడు’ కలిసి ‘వాడెవడు’ అయినప్పుడు మొదటి మాట చివరి ఉకారం పోతుంది. అంతే, ఆ మాటలో తప్పేమీ లేదు. బయట మాత్రం లోపమంటే దోషం, కొరత. ఈ రెండర్థాల నడుమ నల్లగొండ, పాలమూరు పిల్లలు ఎన్నో ఏండ్లుగా నలుగుతున్నారు.

‘వచ్చినాడు’ అనే రూపాన్ని తీసుకుందాం. కోస్తా నోట అది ‘వచ్చాడు’ అయింది. ‘చ్చి’ మీది ఇకారం పోయింది, దాని వెంట నకారమూ పోయింది. మన నోట ‘వచ్చిండు’ అయింది. ఇకారం ఉంది, నకారం డకారం పక్కకు చేరి సున్నగా మిగిలింది; పోయింది నడిమి ఆకారం ఒక్కటే. ‘వచ్చినారు’ సంగతీ ఇదే: అక్కడ ‘వచ్చారు’, ఇక్కడ ‘వచ్చిన్రు’. లెక్కిస్తే అక్కడ పోయినవి రెండు ధ్వనులు, ఇక్కడ ఒకటి. అయినా రెండు పోయిన రూపం పాఠ్యపుస్తకమెక్కింది, ఒకటి పోయిన రూపం కింద ఎర్రసిరా గీత పడింది. ఆ గీత వ్యాకరణం గీసింది కాదు. వ్యాకరణం తెలిసిన చెయ్యి ఆ గీత గీయదు.

పండితులు ఆగమాన్ని మిత్రునితో, ఆదేశాన్ని శత్రువుతో పోలుస్తారు. ‘మా అవ్వ’ను ‘మాయవ్వ’ అన్నప్పుడు యకారం వచ్చి ఎవరినీ కదిలించకుండా పక్కన కూర్చుంటుంది, అది ఆగమం. ‘అన్నదమ్ములు’ అన్నప్పుడు దకారం వచ్చి ‘తమ్ముడు’లోని తకారాన్ని లేపి తాను కూర్చుంటుంది, అది ఆదేశం. ఇంత తేటగా చెప్తే ఏ పిల్లకు అర్థం కాదు? ‘వికృతి’ అన్నా మారిన రూపమనే, వికారమైనదని కాదు.

‘గ్రామ్యం’ దగ్గర మాత్రం నిజంగానే చిక్కుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలు చేసి, లక్షణానికి లొంగని దాన్ని గ్రామ్యం కిందికి నెట్టాడు. ఆ పేరులోనే ఊరి మీద తీర్పు ఉంది. సూరి పాండిత్యానికి చేతులెత్తి మొక్కుతాం, ఆ తీర్పును మాత్రం ఒప్పుకోం. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని వెలువరించింది 1962లో. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. రైతు మాట, సాలె మాట శాస్త్రానికి ముడిసరుకని అవి నిరూపించాయి. ‘మాండలికం’ అనే పేరులో నింద లేదు.

చేనేత అంటే పోచంపల్లి. అక్కడి ఇండ్లలో ఆసు, చిటికి, పడుగు, పేక అనే మాటలను ఎవరూ బట్టీపట్టరు. ఆసు పోసే తల్లి చెయ్యి ముందు కనబడుతుంది, మాట దాని వెంట వస్తుంది. బడి వ్యాకరణంలో మాట ముందే వస్తుంది, అది చెప్పే పని కంటికి రానే రాదు. ‘ద్రుతప్రకృతికం’ అని పదిసార్లు రాయిస్తే పిల్లకు మిగిలేది చేతినొప్పే. అదే పిల్ల నోట్లోని ‘వచ్చిన్రు’ను విప్పి చూపితే, లోపమంటే ఏమిటో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

పాకాల యశోదారెడ్డి బిజినేపల్లి బిడ్డ. ఉస్మానియాలో తెలుగు బోధించిన ఆచార్యురాలు, అధికార భాషా సంఘానికి అధ్యక్షురాలిగానూ పనిచేసింది. ‘మా ఊరి ముచ్చట్లు’ కథలను ఆమె రాసింది పాలమూరు పలుకుబడిలోనే. ఆమె కలానికి శాస్త్రమూ ఊరి నుడీ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

నల్లగొండ, పాలమూరు తెలుగు ఉపాధ్యాయులకు మా విన్నపం. లోపం, ఆగమం, ఆదేశం చెప్పేటప్పుడు పుస్తకంలోని ఉదాహరణ పక్కన మీ పిల్లల నోటి మాట ఒక్కొక్కటి బోర్డు మీద రాయండి. ఏ ఊరి మాటో కూడా రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.