ఈకోలో మంచం ఎవరికి?

ముందే ఒక మాట. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం సాగినా తిట్లు మన ఎడిటర్ అక్కకే చెందాలి. "క్యాంటీన్‌లో గంటసేపు వాదించావు కదా, అదే రాసివ్వు" అని వెంటపడింది తనే.

వాదన మా ఇంటి బండి గురించి. మారుతి ఈకో కార్గో. ముందు రెండు సీట్లు, వెనకంతా ఖాళీ రేకు, పసుపు నంబర్ ప్లేటు. నూజివీడు దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. సగం బంగినపల్లి, మిగతాది చిన్న రసాలు, గట్టు వెంబడి నాలుగైదు కలెక్టర్ చెట్లు. కాయలో ఎక్కువ భాగం అందరిలాగే మేమూ మార్కెట్‌కే వేస్తాం. చిన్న రసాలు మాత్రం నాన్న హైదరాబాద్ తీసుకెళ్లి అపార్ట్‌మెంట్లలో నేరుగా అమ్ముతాడు. ఆర్డర్ల కోసం గూగుల్ ఫామ్ చేసింది నేనే. పేరు, ఫ్లాట్ నంబరు, ఎన్ని కిలోలు, అంతే. కాలేజీలో చేరాక నేను చేసిన ప్రాజెక్టులన్నిట్లో జనం నిజంగా వాడింది అదొక్కటే.

ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఆ బండికి ఊపిరాడదు. తర్వాత ఎప్పుడైనా ఎరువు బస్తాలు, పూత టైంలో మందు డ్రమ్ములు. మిగతా రోజులన్నీ చింతచెట్టు కింద నిలబడి కోళ్లకి నీడ ఇస్తూ ఉంటుంది.

ఫస్టియర్‌లో నాకు వ్యాన్ లైఫ్ పిచ్చి పట్టింది. ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. వెనక డోర్ తెరవగానే సముద్రం, తెల్ల దుప్పటి, దీపాల తోరణం, పొగలు కక్కే కాఫీ. ఏ రీల్‌లోనూ దోమ ఉండదు. నేనూ కూర్చుని ఒక ఎక్సెల్ షీట్ చేశా. టాప్ మీద సోలార్ ప్యానెల్, లిథియం బ్యాటరీ, లోపల చెక్క ప్యానెలింగ్, పక్కన కోసి పెట్టే కిటికీ, మడత మంచం, చిన్న సింకు. మొత్తం 1,60,000 రూపాయలు. నాన్న ఫోన్‌లో చూస్తూ చూస్తూ సింకు దగ్గర ఆగాడు. "చేతులు కడుక్కోడానికి బోరు దగ్గరకి పోలేమా?" అన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, "బండి సరుక్కి రా. మనుషులకి ఇల్లుంది" అన్నాడు. నేను రెండ్రోజులు అలిగాను.

కానీ సీజన్‌లో మా నాన్న ఇల్లు ఆ బండే. ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది.

పగటి వేడికి కాయ దెబ్బతింటుందని సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరతాడు. విజయవాడ, నందిగామ, కోదాడ, సూర్యాపేట మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి. తెల్లారేసరికి హైదరాబాద్. అప్పట్నుంచి పొద్దుగూకేదాకా కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లు తిరగడమే. ఫోన్ ఎత్తనివాళ్లుంటారు, "సాయంత్రం రండి" అనేవాళ్లుంటారు, సరుకుతో లిఫ్ట్ ఎక్కొద్దనేవాళ్లుంటారు. రాత్రికి మళ్లీ వెనక్కి ప్రయాణం. మరి నిద్ర? దొరికిన అరగంట ముందు సీట్లోనే. ఈకోలో ఇంజిన్ ఉండేది ముందు సీట్ల కిందే. రాత్రంతా నడిచిన బండిలో, మే నెలలో, ఆ సీటు అట్లపెనం లాగా ఉంటుంది. "లాడ్జి తీసుకోవచ్చుగా" అంటుంది అమ్మ. లాడ్జి అద్దె అంటే రెండు ట్రేల లాభం అని నాన్న లెక్క.

నేను షీట్ చేసిన ఏడాదే, మేలో ఒక పొద్దున బండి కుడివైపు అద్దం లేకుండా, డోర్ మీద పొడుగాటి గీతతో ఇంటికొచ్చింది. లారీ రాసుకుపోయిందన్నాడు నాన్న. నమ్మాం. జూలైలో నేను అలక మానేసి, సింకూ గింకూ లేకుండా కనీసం మంచమైనా పడుతుందేమో చూద్దామని టేపు తీసుకెళ్లా. రెండో చివర నాన్న పట్టుకున్నాడు. ముందు సీటు వెనక నుంచి వెనక డోర్ దాకా ఐదడుగుల పది అంగుళాలు. నాన్న ఐదడుగుల ఏడు. "సరిపోద్ది" అన్నాడు. కాసేపాగి, టేపు వదలకుండానే, "అది లారీ కాదురా. కోదాడ దాటాక కళ్లు మూతలు పడ్డాయి. డివైడర్ తగిలితే మెలకువొచ్చింది" అన్నాడు.

(అమ్మకి తర్వాత తనే చెప్పాడు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నా.)

నా అభిప్రాయం మారింది ఆ టేపు దగ్గరే. చిన్న సరుకు బండిలో మంచం వేస్తే, దాని మీద మొదటి హక్కు ఆ బండి నడిపి బతికేవాళ్లది. టూర్లు, అరకు, సముద్రం, రీల్స్, అన్నీ ఆ తర్వాత.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. ఫోక్స్‌వ్యాగన్ 1950లో ట్రాన్స్‌పోర్టర్ అనే సరుకు వ్యాన్ మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1951లో, వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ కంపెనీ దానికోసం క్యాంపింగ్ బాక్స్ అని ఒకటి తయారుచేసింది. అది బండికి శాశ్వతంగా బిగించేది కాదు, కావాల్సినప్పుడు లోపల పెట్టుకుని వద్దన్నప్పుడు తీసేసే సామాను. వారమంతా బండి పనికి, సెలవురోజు ఊళ్లు తిరగడానికి. అంటే మనం ఫుల్‌టైం స్వేచ్ఛ అనుకుంటున్న క్యాంపర్ వ్యాన్ మొదట్లో పార్ట్‌టైమే! మన ఈకో కూడా పరాయిదేం కాదు. 1984 నాటి మారుతి వ్యాన్, అదే తర్వాత ఓమ్ని, ఆ వెనక 2010లో ఈకో, అన్నీ జపాన్ సుజుకి వాళ్ల బుల్లి వ్యాన్ల వంశమే. అక్కడ ఈకోకి అన్నలాంటి ఎవ్రీ వ్యాన్‌లో సరుకు మోసేవాళ్లూ ఉన్నారు, అందులోనే పడుకుని దేశం తిరిగేవాళ్లూ ఉన్నారు.

అయినా జర్మనీ, జపాన్ దాకా ఎందుకు. మా తాతయ్య కాయ మీదున్నన్నాళ్లూ తోటలోనే ఉండేవాడు. తాటాకు పాక, నులక మంచం, తలవైపు ఒక కర్ర, టార్చిలైటు. నానమ్మ అన్నం క్యారేజీ అక్కడికే పంపేది. కాయ ఎక్కడుంటే రైతు పక్క అక్కడే. ఇప్పుడు కాయ హైదరాబాద్ దాకా వెళ్తోంది, పక్క మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక చట్టం. నా మొదటి షీట్‌లో సగం అసలు చేయకూడనివే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తేడా వచ్చేలా బండిని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పూర్తిస్థాయి మోటార్ కారవాన్ కావాలంటే దానికి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. గ్రైండర్ పట్టుకుని బండి రేకు కోసే యూట్యూబ్ అన్నయ్యలు ఈ ముక్క చెప్పరు. లైక్ చేసి సబ్‌స్క్రైబ్ చేయమని మాత్రం చెప్తారు.

అందుకే మేం ఒకే రూల్ పెట్టుకున్నాం. బండికి ఒక్క చిల్లు పడకూడదు, మంచం పది నిమిషాల్లో కిందికి దిగిపోవాలి. అలా దిగిపోయేది సామాను కిందే లెక్క. ఇంకోటి, సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించి తీసుకెళ్లకూడదు. కాబట్టి మంచం బండి ఆగాకే. ప్రయాణం ముందు సీట్లలో ఇద్దరే.

మంచం కాళ్లు ఏంటో తెలుసా? కాయ మోసే ప్లాస్టిక్ ట్రేలే. వెళ్లేటప్పుడు వాటిల్లో కాయ ఉంటుంది, ఖాళీ అయ్యాక బోర్లిస్తే అడుగు ఎత్తు అరుగు తయారు. దాని మీద 12 ఎంఎం ప్లైవుడ్, మూడు ముక్కలు. సరుకు ఉన్నప్పుడు ఆ ముక్కల్ని పక్క గోడకి ఆనించి తాడుతో కట్టేస్తాం. మొదట ఫోమ్ పరుపు వేశా. ట్రేలకి అంటుకున్న సొన దానికి పట్టి, జిగురూ వాసనా వదల్లేదు. మామిడి సొన పడితే చర్మమే కమిలిపోతుంది, ఫోమ్ ఎంత! ఇప్పుడు నానమ్మ కుట్టిన బొంత. పిండి ఆరేస్తే చాలు. ప్లైవుడ్, బొంత కలిపి 20 కిలోల లోపే, అంటే ఒక ట్రే కాయ బరువు. దోమతెర, చిన్న యూఎస్‌బీ ఫ్యాను, పవర్ బ్యాంక్‌తో సహా ఖర్చు 5,000 దాటలేదు. షీట్‌లో 1,60,000 ఎలా వచ్చిందో ఇప్పుడు చూస్తే నాకే నవ్వొస్తుంది.

మంచం కన్నా ముఖ్యమైంది గాలి. ఇది మాత్రం స్కిప్ చేయకుండా చదవండి. కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్, వేడి, ఇథిలీన్ వదులుతుంది. ఆ ఇథిలీన్ వల్లే ఒక పండు పక్కనున్న కాయల్ని కూడా మాగబెడుతుంది. అలాంటి కాయ నిండా ఉన్న మూసిన బండిలో మనిషి పడుకోకూడదు. సరుకుంటే వెనక పక్క లేదు, అంతే. ఇంజిన్ ఆన్ చేసి ఏసీలో పడుకోవడం, లోపల దోమల చక్రం వెలిగించడం కూడా వద్దు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ కారణమని తేలింది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మేం రెండువైపులా అద్దాలు నాలుగు వేళ్లు దించి, దోమతెర కట్టి, ఫ్యాన్ పెడతాం. చెమట పడితే పడుతుంది.

పోయిన సీజన్ అంతా నాన్న దీన్ని వాడాడు. రాత్రికి రాత్రే వెనక్కి రావడం మానేశాడు. చివరి డెలివరీ అయ్యాక ఏదో పెట్రోల్ బంక్‌లో ఆయిల్ కొట్టించి, వాళ్లనడిగి ఓ మూలన బండి పెట్టుకుని, ట్రేలు బోర్లించి పడుకుంటాడు. మూడున్నరకి లేస్తాడు. పొద్దున టిఫిన్ టైంకి ఇంట్లో ఉంటాడు. ఆ రోజుల్లో అమ్మ ఎన్నిసార్లు ఫోన్ చేసేదో, ఇప్పుడు ఎన్నిసార్లు చేస్తుందో నాకు తెలుసు.

ఇక క్యాంటీన్‌లో నా రూమ్మేట్ అన్నమాట. వాడి వాదన నిజంగా గట్టిది, అందుకే దాచకుండా రాస్తున్నా. "మీ నాన్నకి కావాల్సింది గది, మంచం కాదు. నువ్వు బండిలో నిద్రని అలవాటు చేస్తున్నావ్. రేపు ప్రతి ఓనరూ డ్రైవర్‌తో ఇదే అంటాడు, మంచం ఉందిగా, ఇంకో ట్రిప్ వెయ్ అని." నేను అరగంట అరిచాను గానీ, రాత్రి పడుకున్నాక వాడి మాటే చెవిలో తిరిగింది.

వాడితో ఒప్పుకునేది ఇంతవరకు. జీతానికి నడిపే డ్రైవర్‌కి మంచం చూపించి లాడ్జి డబ్బులు ఎగ్గొడితే అది దోపిడీనే. కానీ మా నాన్నకి ఓనర్ లేడు, ఓనరూ డ్రైవరూ తనే. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. అది ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలకే వర్తించేది. 2025 నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, మంచి పని. అది మూడున్నర టన్నులు దాటిన బండ్లకి. ఈకోలో కాయ తీసుకెళ్లే రైతు, టాటా ఏస్‌లో కూరగాయలు వేసుకెళ్లే మనిషి ఈ రెండు లెక్కల్లోనూ రారు. కేరళ 2021లో కారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది, కారవాన్‌లు ఆపుకోడానికి పార్కులన్నారు. మన దగ్గరా అలాంటివి వస్తే ఓ మూల నాలుగు చిన్న సరుకు బండ్లకి చోటు, ఒక కుళాయి, ఒక బాత్రూం పెట్టమని అడగాలి. టూరిస్ట్‌కి నిద్ర సరదా, వీళ్లకి అవసరం. ఆ గది, ఆ పార్కు వచ్చేదాకా నాన్నని మేలుకుని ఉండమని మాత్రం నేను చెప్పలేను.

ఇంతకీ నా టూర్ ఏమైందంటే, అయింది. పోయిన జనవరిలో నేనూ ఇదే రూమ్మేటూ కొల్లేరు పక్కన ఆటపాక వెళ్లాం, పెలికాన్లు చూడ్డానికి. కైకలూరులో వాళ్ల పెద్దమ్మ ఇంటి ముందు బండి పెట్టి అందులోనే పడుకున్నాం. ఇద్దరికి ఇరుకు. పొద్దున ఐదింటికి పెద్దమ్మ అద్దం మీద కొట్టి, "ఇంట్లో ఇన్ని మంచాలుంటే ఇదేం ఖర్మరా" అంది. పక్షులు మాత్రం అద్భుతం. రెండో రాత్రి కూడా ఉందామనుకున్నాం గానీ నాన్న ఫోన్ చేశాడు. పూత మొదలైంది, మందు కొట్టాలి, బండి కావాలి. వచ్చేశాం.

వచ్చే సీజన్‌కి నాన్న ఒక్కటే అడిగాడు. చొక్కా తగిలించుకోడానికి ఒక కొక్కెం. కింద పెడితే సొన అంటుతోందట. చిల్లు పెట్టకుండా కొక్కెం ఎలా? సక్షన్ కప్ తెచ్చి అంటించా, రెండో రోజు ఎండకే ఊడి పడింది. అయస్కాంతం ఆర్డర్ పెట్టా, ఇంకా రాలేదు.